గడి అడిగేది ఒకరిని, నింపేది ఇంకొకరు

పదో తరగతి ఫలితాలు వచ్చింది మొదలు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిసేదాకా ప్రొద్దుటూరు నెట్ సెంటర్లలో కుర్చీ దొరకదు. ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీకి అప్లికేషన్, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, స్కాలర్‌షిప్, ఆ వెనకే ఏదో ఒక ఉద్యోగ నోటిఫికేషన్. జమ్మలమడుగులో పప్పుశనగ వేసిన రైతు, పులివెందులలో చీనీ తోట ఉన్న రైతు వస్తే భూమి వివరాలు, బ్యాంకు ఖాతా నంబరు. పని ఏదైనా తెర మీద కనిపించేది ఒకటే: వరసగా ఖాళీ గడులు, కొన్నిటి పక్కన ఎర్ర నక్షత్రం గుర్తు, అడుగున సబ్మిట్ బటన్. ఆ గడుల్లో ఏది పడితే అది పట్టకుండా, ఒక గడి నిండితే ఇంకో గడి తెరుచుకునేలా, తప్పు కొడితే ఎర్రగా మారేలా చూసేది ఆ పేజీతో పాటే మన కంప్యూటర్‌లోకి దిగే చిన్న ప్రోగ్రాం. సాధారణంగా అది జావాస్క్రిప్ట్. సర్వర్ ఎక్కడో ఉంటుంది, ఇది మాత్రం మన ఎదురుగానే నడుస్తుంది. అది ఎంతవరకు పెత్తనం చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నదాని మీద ముప్పై ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఆ వాదనలో మన నెట్ సెంటర్ ఎక్కడా కనిపించదు.

పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేశాడు. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది కూడా ఆ ఏడాది ఆగస్టు 15నే. అప్పట్లో ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలినా ఆ సంగతి సర్వర్‌దాకా పోయి తిరిగి వస్తేగానీ తెలిసేది కాదు. టెలిఫోన్ తీగ మీద ఆ రాకపోకలకు పట్టే సమయాన్ని తప్పించడం స్క్రిప్ట్‌కు దక్కిన తొలి పనుల్లో ఒకటి. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ తెచ్చాక అందరూ గడులతో ఆడుకోవడం మొదలుపెట్టారు. 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్ 5 అధికారికంగా ఖాయమయ్యేసరికి 'ఇది తప్పనిసరి', 'ఇంతకు మించకూడదు', 'ఈ రూపంలోనే ఉండాలి' లాంటి షరతులను స్క్రిప్ట్ లేకుండా బ్రౌజరే చూసుకునే ఏర్పాటు వచ్చింది. అయినా స్క్రిప్ట్ పని తగ్గలేదు. షరతులు సులువయ్యే కొద్దీ పెట్టేవాళ్లకు ఉత్సాహం పెరిగింది.

స్క్రిప్ట్ బాగా చేయగలిగే పని రూపాన్ని చూడటం. మొబైల్ నంబరు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. కడప జిల్లా పిన్‌కోడ్ 516తో మొదలవ్వాలి: ప్రొద్దుటూరు 516360, జమ్మలమడుగు 516434, పులివెందుల 516390. ఆధార్‌లో పన్నెండు అంకెలు ఉంటాయి, మొదటిది సున్నా గానీ ఒకటి గానీ కాదు. చివరి అంకె మిగతా పదకొండింటి నుంచి లెక్కగట్టి వచ్చింది. డచ్చి గణితజ్ఞుడు వెర్‌హాఫ్ 1969లో ఇచ్చిన ఆ పద్ధతి ప్రకారం ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు అటుదిటు చేసినా వెంటనే దొరికిపోతుంది. సర్వర్‌ను అడగకుండా, నెట్ ఆగిపోయినా చేయగలిగిన తనిఖీ ఇది. వయసు మళ్లిన మనిషి జేబులోంచి తీసిన అరిగిపోయిన కార్డు చూసి కొట్టేటప్పుడు ఇంతకన్నా పనికొచ్చేది లేదు. అయినా చాలా ఫారాల్లో దీన్ని పెట్టరు, పన్నెండు అంకెలు లెక్కబెట్టి ఊరుకుంటారు.

రూపం సరిగ్గా ఉన్నంత మాత్రాన అది నిజం అవుతుందా? ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూడండి. నాలుగు అక్షరాలు, ఒక సున్నా, మరో ఆరు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్‌లకు 2021 ఏప్రిల్ నుంచి, ఎస్‌వైఎన్‌బీతో మొదలయ్యేవాటికి అదే ఏడాది జూలై నుంచి చెల్లుబాటు పోయింది. కానీ పాత పాస్‌బుక్కులు ఇళ్లలో అలాగే ఉన్నాయి. అందులోని కోడ్ కొడితే గడి పచ్చగా మారి సరేనంటుంది. 2025 మే 1న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. కడప కేంద్రంగా నడిచిన బ్యాంకు కాబట్టి ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల దాని ఖాతా లేని ఇల్లు తక్కువ. ఏ కోడ్ బతికుందో, ఏది చెల్లిపోయిందో స్క్రిప్ట్‌కు తెలిసే దారి లేదు, అది సర్వర్‌ను అడగాల్సిందే. పచ్చ టిక్కు పెట్టే ఫారాలు ఈ తేడాను దాచిపెడతాయని నా అభ్యంతరం. తప్పయితే ఎర్రగా చూపించు, ఒప్పుకుంటా. సరైందో కాదో నీకే తెలియనప్పుడు పచ్చ టిక్కు ఎందుకు?

ఒక గడిని బట్టి ఇంకో గడి మారడం దీనికంటే చిక్కయిన పని. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ఊరు కాబట్టి ఉదాహరణ అక్కడినుంచే తీసుకుందాం. ఒక బిల్లు రెండు లక్షలు దాటితే కొనేవాళ్ల పాన్ నంబరు రాయాలన్నది 2016 జనవరి నుంచి ఉన్న నియమం. బిల్లింగ్ పేజీలో మొత్తం రెండు లక్షలు దాటగానే పాన్ గడి కనిపించాలి, తగ్గితే మాయమవ్వాలి. రాయడానికి నాలుగు వరసలు చాలు, ఆ నాలుగు వరసల్లోనే గుంటలన్నీ ఉన్నాయి.

గడిలో ఏం కొట్టినా స్క్రిప్ట్ చేతికి అది అక్షరాల వరసగా వస్తుంది, సంఖ్యగా కాదు. అలాగే పోల్చేస్తే 90000 పెద్దదా, 200000 పెద్దదా అన్నప్పుడు మొదటి అక్షరం 9 కాబట్టి తొంభై వేలే పెద్దదని తేలుతుంది. చెవికమ్మల బిల్లుకూ పాన్ అడుగుతుంది. సరే, సంఖ్యగా మార్చుదామని పార్స్‌ఫ్లోట్ వాడతారు. అంగట్లో మనిషి లెక్క రాసినట్టే 2,50,000 అని కామాలతో కొడతాడు. పార్స్‌ఫ్లోట్ మొదటి కామా దగ్గర ఆగిపోయి 2 అని తెస్తుంది. రెండున్నర లక్షల హారం రెండు రూపాయలయింది, పాన్ గడి తెరుచుకోలేదు. ముందు కామాలు తీసేసి, తర్వాత సంఖ్య చేసి, అప్పుడు పోల్చాలి. మళ్లీ చూపించేటప్పుడు లక్షల పద్ధతిలో కామాలు పెట్టాలి. భారతీయ అంకెల తీరు బ్రౌజర్‌లోనే ఉంది, అడిగితే ఇస్తుంది. అడగడం మరిచిపోతే మూడేసి అంకెల అమెరికా పద్ధతి వచ్చి పడొచ్చు.

ఇంకో గుంట దీనికన్నా లోతు. పాన్ గడికి 'తప్పనిసరి' అని గుర్తు పెట్టి, బిల్లు చిన్నదైనప్పుడు దాన్ని కంటికి కనపడకుండా దాచారనుకోండి. గడి కనపడకపోయినా షరతు అలాగే ఉంటుంది. సబ్మిట్ నొక్కితే బ్రౌజర్ ఆపేస్తుంది, ఎర్ర మాట చూపిద్దామంటే గడి కనపడటం లేదు కాబట్టి ఏమీ చూపించదు. బటన్ నొక్కేవాడు నొక్కుతూనే ఉంటాడు. తప్పు సమాచారం డెవలపర్లు చూసే కన్సోల్‌లో మాత్రం పడుతుంది. ఆ అంగట్లో కన్సోల్ తెరిచేవాడు ఎవడు? విరుగుడు సులువే: దాచేటప్పుడు గడిని డిజేబుల్ చేయాలి. డిజేబుల్ అయిన గడిని బ్రౌజర్ తనిఖీ చేయదు, సర్వర్‌కు పంపదు కూడా. ఇది తెలియకే మరో పొరపాటు జరుగుతుంది. అభ్యర్థి పేరు మార్చకూడదని ఆ గడిని డిజేబుల్ చేస్తారు, తీరా సర్వర్‌కు పేరే చేరదు. మార్చకూడదు గానీ చేరాలి అంటే వాడాల్సింది రీడ్‌ఓన్లీ. పాన్ పెద్దక్షరాల్లో ఉండాలని కేవలం పేజీ అలంకారంతో పెద్దక్షరాలుగా చూపించడం కూడా ఇలాంటిదే. తెర మీద పెద్దవి, పోయేది చిన్నవి.

గ్రాముల దగ్గర వచ్చే దశాంశాల తేడా పాతకాలం నుంచి తెలిసిందే. 0.1కి 0.2 కలిపితే జావాస్క్రిప్ట్ సరిగ్గా 0.3 ఇవ్వదు, చివర ఎక్కడో ఒక నలుసు మిగులుతుంది. తూకాన్ని మిల్లీగ్రాముల్లో పూర్ణసంఖ్యగా పెట్టుకున్నవాళ్లకు ఆ బాధ లేదు.

భూమి దగ్గరికొస్తే ఇక్కడ స్క్రిప్ట్ తెలివి అసలు సరిపోదు.

"ఎంత భూమి పెద్దాయనా?"

"రెండెకరాల ఐదు సెంట్లు నాయనా."

నెట్ సెంటర్ పిల్లోడు 2.5 అని కొడతాడు. ఎకరాకు వంద సెంట్లు కాబట్టి కొట్టాల్సింది 2.05. రైతుకు కాగితం మీద నలభై ఐదు సెంట్లు కలిసొచ్చింది, ఆ తర్వాత పాస్‌బుక్‌తో సరిపోక అర్జీ వెనక్కొస్తుంది. ఇది ఏ షరతుకు దొరుకుతుంది? సంఖ్య గడికి అడుగు (స్టెప్) ఎంతో చెప్పకుండా వదిలేస్తే బ్రౌజర్ పూర్ణసంఖ్యలే ఒప్పుకుంటుంది, 2.05 కొడితే దగ్గరి సరైన విలువలు 2, 3 అని సలహా ఇస్తుంది. సెంట్లంటే ఏమిటో తెలియని సలహా అది. పోనీ అడుగు 0.01 అని పెడితే 2.5, 2.05 రెండూ సరైనవే. సర్వే నంబరు గడిలో ఇంకో తంతు: 214/2ఎ లాంటిది ఉంటుందని తెలియక దాన్నీ సంఖ్య గడి చేసేస్తారు, గీతకూ అక్షరానికీ చోటుండదు.

ఆపడం వల్ల కాని పని తిరిగి చదివి వినిపించడం వల్ల అవుతుంది. గడి కింద స్క్రిప్ట్ వెంటనే 'రెండు ఎకరాల యాభై సెంట్లు' అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తే చాలు. పిల్లోడు గమనించకపోయినా పక్కన నిలబడ్డ పెద్దాయన గమనిస్తాడు. చదవడం రాకపోతే పిల్లోడే పైకి చదువుతాడు. బ్యాంకు చెక్కు మీద అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాయించడం ఇందుకే. ఇన్నేళ్ల ఫారాల సాహిత్యంలో ఆపడం గురించి ఉన్నంత ఇలా తిరిగి చెప్పడం గురించి లేదు.

తేదీ సంగతీ అంతే. బ్రౌజర్ ఇచ్చే తేదీ గడి లోపల ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరసలోనే దాచుకుంటుంది. పైకి చూపేది మాత్రం ఆ కంప్యూటర్, బ్రౌజర్ సెట్టింగులను బట్టి. విండోస్ అమెరికా ఇంగ్లీషులో ఉన్న కంప్యూటర్ అయితే నెల ముందు, రోజు తర్వాత. 05-08-2007 అని కొట్టిన పిల్ల ఆగస్టు ఐదున పుట్టిందో, మే ఎనిమిదిన పుట్టిందో ఆ కంప్యూటర్ అమర్చినవాడి చేతిలో ఉంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ వాళ్లు పుట్టినతేదీకి క్యాలెండర్ మానేసి, రోజుకొకటి, నెలకొకటి, ఏడాదికొకటి మూడు విడి గడులు పెట్టుకున్నారు. అంకెల గడుల్లో సంఖ్య రకాన్ని కూడా 2020లో వదిలేశారు. మౌస్ చక్రం తగిలితే విలువ మారిపోవడం, స్క్రీన్ రీడర్లకు సరిగా వినపడకపోవడం లాంటి కారణాలతో. మామూలు గడి పెట్టి, ఫోనులో అంకెల కీబోర్డు మాత్రం వచ్చేలా చెప్పడం వాళ్లు ఎంచుకున్న దారి. మనకూ అదే మేలు, కింద '5 ఆగస్టు 2007' అని నెల పేరుతో ఒక వరస ఉంటే ఇంకా మేలు. అన్నట్టు, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉన్న పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోజు, నెల తప్పనిసరి అని గడి పట్టుబడితే ఏం కొడతారు? జనవరి ఒకటి. అబద్ధం రాయించింది ఆ ఎర్ర నక్షత్రం.

ఇంటిపేరు గడిది కూడా అలాంటి బలవంతమే. మొదటి పేరు, చివరి పేరు రెండూ తప్పనిసరి అని పెట్టినవాళ్లకు మన పేర్లు తెలియవు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామందికి అది ఒక్క అక్షరం. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. ఒక్క అక్షరం చాలదంటే, చుక్క పెట్టకూడదంటే నింపేవాడు తోచింది కొట్టి గండం గట్టెక్కిస్తాడు.

తెలుగులో పేరు రాయమనే గడుల్లో లెక్కలు వేరు. గరిష్ఠ పొడవు పది అని పెట్టిన గడిలో జమ్మలమడుగు, పులివెందుల సరిగ్గా పడతాయి. ప్రొద్దుటూరు పట్టదు, 'ప్రొద్దుటూ' దగ్గర తెగిపోతుంది. కంటికి నాలుగే అక్షరాలు కదా అనిపిస్తుంది. బ్రౌజర్ వత్తును, పొల్లును, గుడిని, కొమ్మును విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి ప్రొద్దుటూరు పన్నెండు, మిగతా రెండూ పదేసి. ఇంగ్లీషులో రాస్తే ప్రొద్దుటూరే అన్నిటికన్నా పొట్టిది, తొమ్మిది. ఇంగ్లీషు పేర్లతో సరిచూసి పొడవు పెట్టినవాడికి ఈ సంగతి తట్టదు. యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, డేటాబేస్‌లో గడి పొడవు బైట్లలో కొలిస్తే ఆ ఊరికి ముప్పై ఆరు కావాలి. ఏ భాష అక్షరమైనా పర్లేదని తలచి 'అక్షరం' అన్న యూనికోడ్ వర్గాన్ని మాత్రమే అనుమతిస్తే గుణింతాలన్నీ కొట్టుకుపోతాయి, అవి వేరే వర్గం. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన పేరు తెచ్చి అతికిస్తే అక్షరాలు కాదు, ఇంగ్లీషు చిహ్నాల చెత్త పడుతుంది. స్క్రిప్ట్ ఆపాల్సింది దాన్ని, 'ఇది యూనికోడ్ తెలుగు కాదు' అని తెలుగులో చెప్పి. కీ నొక్కగానే పట్టుకుని వడకట్టే పాత పద్ధతి ఆండ్రాయిడ్ కీబోర్డుల దగ్గర పనిచేయదు. ఏ అక్షరం నొక్కినా అవి చాలాసార్లు 229 అనే ఒకే సంఖ్య ఇస్తాయి. అక్షరం పూర్తిగా కూడక ముందే స్క్రిప్ట్ వేలు పెడితే వత్తులు చెదిరిపోతాయి. కూర్పు ముగిసిందన్న సంకేతం వచ్చేదాకా ఓపిక పట్టాలి.

తప్పును ఎప్పుడు చెప్పాలన్నదాని మీద రెండు అధ్యయనాలను తరచుగా ఎత్తుతుంటారు. 2007లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయం నుంచి బార్గస్-అవిలా బృందం, నింపే ఊపులో ఉన్నవాళ్లు మధ్యలో వచ్చే హెచ్చరికలను పట్టించుకోరని, చివర్లో చెబితే దిద్దుకుంటారని తేల్చింది. 2009లో లూక్ రోబ్లెవ్‌స్కీ ఇరవై ఇద్దరితో చేసిన పరీక్ష దీనికి వ్యతిరేకంగా తేలింది: గడి దాటగానే చెబితే తప్పులు 22 శాతం, పట్టే సమయం 42 శాతం తగ్గాయట. కొడుతుండగానే గదమాయించడం మాత్రం ఆయనకూ నచ్చలేదు. ఈ రెంటినీ కలిపి 'గడి వదిలాక చెప్పు, దిద్దుతుంటే వెంటనే ఎరుపు తీసెయ్' అన్నది ఇప్పుడు వాడుకలో ఉన్న రాజీ. నాకు రాజీ మీద పేచీ లేదు. రెండు చోట్లా కూర్చున్నది తన వివరాలు తానే నింపుకునే మనిషి. మన దగ్గర కీబోర్డు ముందున్నవాడు రోజుకు పదుల ఫారాలు నింపుతాడు, ఏ గడి దేనికి అలుగుతుందో, దాన్ని ఎలా ఏమార్చాలో వాడికి కంఠతా వచ్చు. ఇంగ్లీషులో పడే ఎర్ర మాట వాడికి ఒక అడ్డంకి, అంతే. ఆ మాట అవసరమైన మనిషి వెనక బెంచీ మీద ఉన్నాడు. షరతులు బిగించే కొద్దీ వాడి ఒడుపు పెరుగుతుంది గానీ వివరాలు మెరుగవ్వవు.

ఖాతా నంబరు రెండుసార్లు కొట్టించి, అతికించడాన్ని అడ్డుకునే అలవాటును ఈ చూపుతో తూచాలి. వెబ్ సౌలభ్య ప్రమాణాల 2.2 కూర్పు 2023 అక్టోబరులో వచ్చింది. పాస్‌వర్డ్ గడుల్లో అతికించడాన్ని ఆపవద్దన్నది అందులోని ఒక నిబంధన సారాంశం, ఒకసారి ఇచ్చిన వివరాన్ని మళ్లీ అడగవద్దని కూడా ఉంది. చూపు లేనివాళ్ల వైపు నుంచి అది న్యాయం. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పాక మన ఫారాలకూ ఇది తప్పదు. అయితే నెట్ సెంటర్‌లో ఖాతా నంబరు రెండుసార్లూ కొట్టేది ఒకడే, ఒకే పాస్‌బుక్ చూసి, ఒకే తప్పుతో. నాలుగేసి అంకెలుగా విడగొట్టి తిరిగి చూపిస్తే ఖాతాదారు చదివి చెబుతాడు.

పుస్తకాలు చెప్పే మంచి సలహా ఒకటి ఇక్కడ ఎదురు తిరుగుతుంది. కరెంటు పోయినా, నెట్ తెగినా కొట్టింది పోకుండా బ్రౌజర్‌లోనే దాచిపెట్టమంటారు. ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ అయితే బంగారం లాంటి సలహా. పదిమంది కూర్చునే కంప్యూటర్‌లో లోకల్ స్టోరేజీలో దాస్తే పొద్దున వచ్చినవాళ్ల ఆధార్, కులం, ఆదాయం సాయంత్రం వచ్చినవాళ్ల ముందు తెరుచుకుంటాయి. ట్యాబ్ మూయగానే పోయే సెషన్ స్టోరేజీ కొంత నయం. బ్రౌజర్ తనంతట తాను నింపే సౌకర్యమూ అంతే, నిన్నటి అభ్యర్థి తండ్రి పేరు ఇవాళ్టి గడిలో పడిందంటే దాని చలవే. అలా పడినప్పుడు స్క్రిప్ట్‌కు ప్రతిసారీ కబురు అందుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి పంపే ముందు అన్ని గడులనూ మళ్లీ చూసుకోవాలి.

జాబితాలోంచి ఎంచుకోమనే గడుల గురించి ఎక్కువ చెప్పను. కడప జిల్లానే చూడండి: 2005లో స్పెల్లింగ్ మారింది, 2010లో పేరు మారింది, 2022 ఏప్రిల్ 4న రాజంపేట, రాయచోటి వైపు ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి, 2025లో మళ్లీ వైఎస్సార్ కడప అయింది. జిల్లా ఎంచుకుంటే మండలాలు, మండలం ఎంచుకుంటే గ్రామాలు రావాలన్న స్క్రిప్ట్‌లో జాబితాను పేజీలోనే పాతిపెట్టిన చోటల్లా ఏదో ఒక కాలం నాటి కడప ఉండిపోయింది. జిల్లా మార్చాక పాత మండలం గడిలో అలాగే మిగలడం మరో మామూలు తప్పు.

భద్రత విషయంలో పండితుల మధ్య తేడాల్లేవు. పేజీలో నడిచేదాన్ని పేజీ తెరిచినవాడు మార్చుకోగలడు. ఎఫ్12 నొక్కి డిజేబుల్ తీసేయొచ్చు, దాచిన గడిలోని ఫీజు అంకె మార్చొచ్చు, ఫారమే లేకుండా నేరుగా సర్వర్‌కు పంపొచ్చు. అందుకని ప్రతి తనిఖీ సర్వర్‌లో మళ్లీ జరగాలి. ఇంజనీరింగ్ విద్యార్థుల మినీ ప్రాజెక్టులు చాలావరకు ఎర్ర అక్షరాల దగ్గరే ముగుస్తాయి, సర్వర్ వచ్చిందల్లా మింగేస్తుంది. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీ, ప్రొద్దుటూరులోని యోగివేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ, ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీ ఈ మూడు ఊళ్లకు దగ్గరే ఉన్నాయి. ప్రాజెక్టుకు విషయం దొరకలేదనే పిల్లలు ఊళ్లోని నెట్ సెంటర్‌లో ఒక పూట కూర్చుంటే నాలుగు ప్రాజెక్టులకు సరిపడా దొరుకుతుంది.

2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినా కొట్టేవాడు, చెప్పేవాడు వేరువేరుగానే ఉన్నారు, కౌంటర్ మాత్రం మారింది. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన వాట్సాప్ మన మిత్ర ఈ అమరికను కదిలించే అవకాశం ఉంది. ఫోను సొంతదే, భాష తెలుగే, ఒక్కోసారి ఒక్కో ప్రశ్న. అయినా రైతు ఆ ఫోనును కొడుకు చేతికో, పక్కింటి పిల్ల చేతికో ఇచ్చి "చూడు నాయనా" అంటాడు. సంభాషణలో కొట్టిందల్లా పైన అలాగే కనపడుతుంటుంది కాబట్టి వెనక్కి జరిపి చూసుకోవచ్చు, ఆ వెసులుబాటు వెబ్ ఫారంలో లేదు. నెట్ సెంటర్‌లో సబ్మిట్ అయ్యాక ప్రింటు ఇస్తారు, అప్పటికి దిద్దే గడువు కోసం ఎదురుచూడాలి. అదే ప్రింటును సబ్మిట్‌కు ముందు, తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఇచ్చే బటన్ ఒకటి పెడితే ఖర్చు ఒక కాగితం.